పేలని క్లస్టర్ బాంబులు, భూమి శుభ్రం చేసే ఒప్పందం: ఇరాక్ వెళ్లే మనవాళ్లు, ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆరేళ్లు దక్షిణ ఇరాక్‌లో, బస్రా దగ్గర పైప్‌లైన్ పనిలో ఉన్నాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్ వైపు నుంచి ఇరాక్ పోయేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఫోన్ చేస్తుంటారు. ముందు జీతం ఎంత, రూమ్ ఎట్లుంటది అని అడుగుతారు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అన్నా, అక్కడ నేలలో బాంబులున్నాయట, నిజమేనా?" అంటారు. అసలు ప్రశ్న అదే. దాని చుట్టూ వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

క్లస్టర్ బాంబు అంటే ఏంటి? మామూలు బాంబుకూ దీనికీ తేడా ఏంటి?

మా ఊళ్లో బావి తవ్వేటప్పుడు బండ పగలగొట్టడానికి మందు పెట్టేవాళ్లు. నాలుగు రంధ్రాల్లో పెడితే ఊళ్లో వాళ్లంతా దూరంగా నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టేవాళ్లం. మూడే వినిపిస్తే ఇక ఆ రోజుకు మేస్త్రి బావిలోకి ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. గట్టు మీదే కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. మిగిలిన ఆ ఒక్కటి ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియాలనేవాడు.

క్లస్టర్ బాంబు అంటే ఒక పెద్ద డొల్ల. విమానం నుంచి వేసినా, ఫిరంగి నుంచి పేల్చినా గాల్లోనే విచ్చుకుంటుంది. లోపలున్న చిన్న బాంబులు పదుల్లో, వందల్లో చెల్లాచెదురుగా రాలతాయి. 1991 యుద్ధంలో బాగా వాడిన రాక్‌ఐ అనే రకంలో ఒక్కోదాంట్లో 247 ఉండేవి. అన్నీ నేల తాకగానే పేలాలి, కానీ పేలవు. మెత్తటి ఇసుక, బురద, చెట్టుకొమ్మ లాంటివాటి మీద పడితే ఫ్యూజుకు తగలాల్సినంత దెబ్బ తగలదు. పదింట ఒకటి మిగిలిందనుకున్నా ఒక్క డొల్లకు పాతిక చిన్న బాంబులు నేలలో ఉండిపోతాయి. అక్కడ గట్టు మీద కూర్చుని చప్పుళ్లు లెక్కపెట్టే మేస్త్రి లేడు.

ఇరాక్‌లో ఇవి ఎక్కడ నుంచి వచ్చాయి?

1991లోనూ, 2003లోనూ వచ్చాయి. 1991లో అమెరికా కూటమి విమానాలు ఇరాక్, కువైట్‌లలో వేసిన క్లస్టర్ బాంబులు దాదాపు 61,000. వాటిలోని చిన్న బాంబులు సుమారు 2 కోట్లు. 2003లో అమెరికా, బ్రిటన్ కలిసి వాడినవాటిలో చిన్న బాంబులు 18 నుంచి 20 లక్షల వరకు ఉంటాయని అంచనా. ఎక్కువగా దక్షిణాన బస్రా, ముథన్నా, ధీఖార్ వైపు పడ్డాయి. ఉత్తరాన ఎర్బిల్ వైపు, అంటే కుర్దిస్తాన్‌లో, పెద్ద సమస్య మందుపాతరలది. మనవాళ్లు రెండు వైపులా పోతారు కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి.

ఈ ఒప్పందం ఏంటి? ఎప్పటి నుంచి ఉంది?

క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం. 2008 మే 30న డబ్లిన్‌లో ఆమోదించారు, అదే ఏడాది డిసెంబరులో ఓస్లోలో సంతకాలకు పెట్టారు, 2010 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. 110కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. వీటిని వాడకూడదు, తయారు చేయకూడదు, దాచుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. దగ్గరున్న నిల్వలను 8 ఏళ్లలో ధ్వంసం చేయాలి. మనకు ముఖ్యమైంది నాలుగో అధికరణం. నేలలో పేలకుండా మిగిలినవాటిని పదేళ్లలో ఏరి, నాశనం చేసే బాధ్యత గురించి చెప్పేది అదే.

బాంబులు వేసింది ఒకరు, ఏరాల్సింది ఇంకొకరా? ఇదేం న్యాయం?

నేనూ మొదట విన్నప్పుడు ఇదే అడిగాను. అవును, ఒప్పందం ప్రకారం నేల ఎవరి అధీనంలో ఉంటే ఏరాల్సింది వాళ్లే. ఎవరు వేశారన్న దానితో పని లేదు. వేసిన దేశం కూడా ఒప్పందంలో ఉంటే డబ్బు, మనుషులు, సామాను ఇచ్చి సాయపడాలనీ, ఎక్కడ ఎన్ని ఏ రకం వేశారో చెప్పాలనీ గట్టిగా ప్రోత్సహిస్తుంది. ప్రోత్సహిస్తుంది, అంతే. తప్పనిసరి చేయదు. బ్రిటన్ ఒప్పందంలో ఉంది, అమెరికా లేదు. అయినా మొత్తం ప్రపంచంలో ఈ పనికి ఎక్కువ డబ్బు ఇచ్చిన దేశం చాలా ఏళ్లు అమెరికానే. అది కూడా దయ మీద నడిచే సాయమే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు ఎన్నో దేశాల్లో ఏరివేత పనులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ బాధ్యత నేలకు కట్టకపోతే ఏం జరిగేదో ఆలోచించండి. వేసినవాడు నేను కాదంటాడు, ఉన్నవాడు వేసినవాడిని అడగమంటాడు. మధ్యలో గొర్రెలు కాసే పిల్లవాడు నడుస్తూనే ఉంటాడు. ఎవరో ఒకరి పేరు మీద, ఒక తేదీతో రాసిపెట్టడమే ఈ ఒప్పందం చేసిన గొప్ప పని.

పదేళ్ల గడువు అంటారు కదా, ఎప్పటి నుంచి లెక్క?

ఆ దేశానికి ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు నుంచి. ఇరాక్ 2009లో సంతకం పెట్టింది, 2013 మేలో ఆమోద పత్రం ఇచ్చింది, 2013 నవంబరు 1న దానికి అమల్లోకి వచ్చింది. కాబట్టి గడువు 2023 నవంబరు 1. అప్పటికి పని పూర్తి కాలేదు. అడిగితే ఇంకో అయిదేళ్లు ఇచ్చారు. ఇప్పుడు గడువు 2028 నవంబరు 1.

ఒప్పందంలో చేరాక కొత్తగా యుద్ధం జరిగి బాంబులు పడితే, ఆ యుద్ధం ఆగిన నాటి నుంచి పదేళ్లు.

గడువు దాటితే ఏమవుతుంది? జైలా, జరిమానా ఉంటుందా?

రెండూ లేవు. గడువు దాటకముందే, దాని మీద నిర్ణయం తీసుకునే సభ్య దేశాల సమావేశానికి కనీసం 9 నెలల ముందు పొడిగింపు అడగాలి. ఒకసారికి అయిదేళ్లకు మించి ఇవ్వరు. ఇప్పటిదాకా ఎంత నేల విడిపించారు, ఎంత మిగిలింది, ఎందుకు ఆలస్యమైంది, ఏ ఏడాది ఏం చేస్తారు, ఈ ఆలస్యం వల్ల జనానికి జరుగుతున్న నష్టం ఏంటి, అన్నీ రాసివ్వాలి. మిగతా సభ్య దేశాలు ఓటు వేసి నిర్ణయిస్తాయి. అదీ కాక ప్రతి ఏడాది ఏప్రిల్ 30 లోపు లెక్క చెప్పాలి.

సంపన్న దేశాలకు కూడా ఇది తేలిక కాలేదు. జర్మనీలో విట్‌స్టాక్ అనే చోట సోవియట్ సైన్యం వాడిన పాత శిక్షణ మైదానం ఉంది. అక్కడ యుద్ధం జరగలేదు, జరిగింది సాధన మాత్రమే. 2020 గడువు దాటింది, పొడిగింపు తీసుకుంది, మళ్లీ తీసుకుంది. లావోస్ సంగతి వేరు. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు అక్కడ వేసిన చిన్న బాంబులు దాదాపు 27 కోట్లు, వాటిలో పేలకుండా మిగిలినవి సుమారు 8 కోట్లు. యాభై ఏళ్లు దాటినా పొలం దున్నితే బయటపడుతూనే ఉన్నాయి. ఇలాంటి దేశం గడువు పెంచమంటే తప్పు పట్టలేం. పనిలో కదలిక లేకుండా ప్రతిసారీ అదే కాగితం తేదీ మార్చి పంపితే మాత్రం నిలదీయాల్సిందే.

పూర్తి చేసినవాళ్లూ ఉన్నారు. నార్వే 2013లో, మొజాంబిక్ 2016లో, క్రొయేషియా, మాంటెనెగ్రో 2020లో, బోస్నియా 2023లో ముగించాయి.

ఇంత ఆలస్యం ఎందుకు? మిషన్లు పెట్టి తోడేయొచ్చు కదా?

సగం పని బాంబులు ఎక్కడ లేవో తేల్చడమే. మనకు నిషేధిత జాబితా తెలుసు కదా, 22ఏ. ఎప్పుడో ఎవరో ఒక సర్వే నంబరు మొత్తం అందులో ఎక్కించేస్తారు. అందులో గొడవ ఉన్నది రెండెకరాలే అయినా ఇరవై ఎకరాలు అమ్మడానికీ, కొనడానికీ లేకుండా పోతుంది. మళ్లీ సర్వే చేసి, కాగితాలు చూసి, పక్క పట్టాదారులను అడిగి తీసేయించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అనుమానిత ప్రాంతాల సంగతీ అంతే. యుద్ధం తర్వాత హడావుడిగా మ్యాపు మీద పెద్ద పెద్ద గీతలు గీసేశారు. ఇప్పుడు సర్వే బృందం ఊరికి పోయి గొర్రెల కాపరులను, టమాటా తోటలవాళ్లను అడుగుతుంది: ఎక్కడ చూశారు, ఎవరికి గాయమైంది, ఏ చేను ఇన్నేళ్లుగా దున్నుతున్నారు? ఆధారం లేని నేలను జాబితా నుంచి తీసేస్తారు. ఆధారం దొరికిన చోటు నుంచి చుట్టూ వెతుకుతూ పోయి, ఇక ఏమీ దొరకనంత దూరం పోయాక ఆపుతారు.

మిగిలిన నేలలో అసలు పని మొదలవుతుంది. తాళ్లతో సన్నటి బాటలు గీసి, డిటెక్టర్ పట్టుకుని అడుగడుగూ చూస్తారు. డిటెక్టర్‌కు బాంబూ ఇనుమే, మేకూ ఇనుమే, సీసా మూతా ఇనుమే. మోగిన ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని పక్క నుంచి మెల్లగా తవ్వాలి. నేను దూరం నుంచి ఒక బృందాన్ని చూశాను. పొద్దు పొడవకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపేసేవాళ్లు. ఒకతను దాదాపు అరగంట తవ్వి బయటికి తీసింది తుప్పు పట్టిన టిన్ను మూత. దాన్ని పక్కన డబ్బాలో వేసి, నుదురు తుడుచుకుని, మళ్లీ అదే ఓపికతో ముందుకు జరిగాడు. చేత్తో చేసే పనిలో ఒక మనిషి రోజుకు శుభ్రం చేసేది కొన్ని పదుల చదరపు మీటర్లే. మన లెక్కలో గుంట అంటే 101 చదరపు మీటర్లు. ఎకరానికి నలభై గుంటలు. ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి.

మిషన్లూ వాడతారు. కానీ అవి తొక్కి పోయాక కూడా మనిషి వచ్చి చూసుకోవాల్సిందే.

శుభ్రమైంది అని కాగితం ఇస్తే ఇక భయం లేనట్టేనా?

ఆ కాగితంలో రెండు విషయాలు చూడాలి: హద్దులు, లోతు. ఎంత లోతు వరకు వెతికారో అందులో రాస్తారు. చాలాచోట్ల అది జానెడు, జానెడున్నర. పొలం దున్నడానికి, గొర్రెలు మేపడానికి సరిపోతుంది. పైప్‌లైన్ కందకం నడుములోతు తవ్వుతారు. పునాది ఇంకా లోతుకు పోతుంది. పైన జానెడు శుభ్రమని ఇచ్చిన కాగితం కింద నడుములోతుకు పనికిరాదు. ఈ ఒక్క ముక్క నాకు ఆరేళ్లలో ఏ సూపర్‌వైజరూ చెప్పలేదు. పని మానేసి వచ్చాక తెలిసింది.

పట్టా పాస్‌బుక్కు ఉన్నంత మాత్రాన హద్దురాళ్లు చూడకుండా భూమి కొనం కదా. ఇదీ అంతే.

ఇంకోటి, అంతా అయిపోయిందని దేశమే ప్రకటించిన తర్వాత కూడా కొత్తగా బయటపడొచ్చు. మారిటేనియాలో అదే జరిగింది. పూర్తయిందని చెప్పింది, తర్వాత తెలియని చోట్ల దొరికాయి, మళ్లీ గడువు అడిగింది. చెప్పకుండా దాచకపోవడం దాని నిజాయితీ.

కువైట్, సౌదీ, దుబాయ్, ఖతార్‌లకు ఈ గడువులు వర్తిస్తాయా?

వర్తించవు. కువైట్, సౌదీ, యూఏఈ, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ ఏవీ ఇందులో చేరలేదు. వాటి పక్కన ఇరాక్ ఒక్కటే చేరింది. కువైట్ యుద్ధం అయిపోగానే పెద్ద ఎత్తున శుభ్రం చేయించింది, అది నిజం. అయినా ఎడారిలో ఒంటెలు, గొర్రెలు కాసే పనిలో ఉన్న మనవాళ్లు జాగ్రత్తగానే ఉండాలి. గాలికి ఇసుక కదులుతుంది, వానకు కొట్టుకుపోతుంది. నిన్న లేనిది ఇవాళ పైకి తేలుతుంది.

మన దేశం సంతకం పెట్టిందా?

లేదు. మనదేశం, పాకిస్తాన్, చైనా, అమెరికా, రష్యా, ఏవీ లేవు. అయితే యుద్ధం తర్వాత మిగిలిన పేలని మందుగుండు గురించి ఇంకో అంతర్జాతీయ నియమావళి ఉంది, అయిదో ప్రోటోకాల్ అంటారు. 2006 నుంచి అమల్లో ఉంది, అందులో భారత్ ఉంది. అందులో పదేళ్ల గడువు లాంటిది లేదు. మన దేశం కూడా చేరాలని నా కోరిక. మన పిల్లలు ఇంత మంది ఆ నేలల మీద పనిచేస్తున్నప్పుడు ఆ బల్ల దగ్గర మన కుర్చీ కూడా ఉండాలి.

కర్రెగుట్టల దగ్గర ప్రెషర్ బాంబులు అంటున్నారు, అవి ఈ ఒప్పందం కిందికి వస్తాయా?

రావు. వాజేడు, వెంకటాపురం అడవుల్లో భద్రతా బలగాల కోసం మావోయిస్టులు పాతిపెట్టినవి వేరు. అవి ఒక్కోటి చేత్తో పెట్టినవి. క్లస్టర్ బాంబు పైనుంచి చల్లేది. చట్టం వేరు, ఏరే పద్ధతి వేరు. కానీ వెదురుకో, విప్పపువ్వుకో పోయి కాలు పోగొట్టుకున్న గిరిజనుడి బాధ, బస్రా గొర్రెల కాపరి బాధ ఒక్కటే.

ఒకవేళ అక్కడ మనవాడికి దెబ్బ తగిలితే?

అయిదో అధికరణం బాధితుల గురించి. వైద్యం, కృత్రిమ కాలు, మానసిక ధైర్యం, మళ్లీ బతుకుదెరువు చూపించడం, ఇవన్నీ సభ్య దేశం తన అధీనంలోని ప్రాంతంలో ఉన్న బాధితులకు చేయాలి. ఆ దేశ పౌరుడై ఉండాలని లేదు. బాధితుడి కుటుంబాన్ని కూడా బాధితుల కిందే లెక్కేస్తుంది.

అతను జగిత్యాలకు తిరిగొచ్చేస్తే మాత్రం చిక్కు. మన దేశం ఒప్పందంలో లేదు, ఇరాక్ బాధ్యత ఇరాక్ నేల దాకానే. అందుకే తొందరపడి విమానం ఎక్కించకండి. ఆసుపత్రి కాగితాలు, ప్రమాదం ఎక్కడ ఏ తేదీన జరిగిందో రాసిన పోలీసు కాగితం, కంపెనీ ఉత్తరం చేతికి వచ్చాకే బయల్దేరాలి. బాగ్దాద్‌లోని మన రాయబార కార్యాలయానికి వెంటనే చెప్పాలి.

మా తమ్ముడు వచ్చే నెల బస్రా పోతున్నాడు. ఏం అడగమంటావు అన్నా?

పని చోటు పేరు అడగమను. "ఇరాక్" అంటే సరిపోదు, ఏ జిల్లా, ఏ ఊరి పక్కన అని. ఆ నేల శుభ్రం చేసిన కాగితం కంపెనీ దగ్గర ఉందా, ఉంటే ఎంత లోతు వరకు అని అడగాలి. ఇరాక్‌లో ఈ పనంతా పర్యావరణ శాఖ కింద ఉన్న మైన్ల తొలగింపు డైరెక్టరేట్ చూస్తుంది. దక్షిణానికి బస్రాలో ప్రాంతీయ కేంద్రం ఉంది, కుర్దిస్తాన్‌కు వేరే ఏజెన్సీ ఉంది. మంచి కంపెనీ అయితే పనిలో దిగే ముందే ప్రమాదాల గురించి ఒక పూట క్లాసు చెప్పిస్తుంది. ఒప్పందం కూడా జనానికి ఈ అవగాహన కల్పించాలనే చెబుతుంది. క్లాసు హిందీలోనైనా పెట్టమని అడగొచ్చు. మనవాళ్లు నలుగురైదుగురు కలిసి అడిగితే కాదనరు.

ఏజెంటును అడిగితే నవ్వేస్తాడు. నవ్వనివ్వండి, అయినా అడగండి.

అక్కడికి పోయాక వేసిన దారి వదిలి అడ్డదారిన పోవద్దు. మూత్రానికైనా సరే. ఎర్ర రంగు వేసిన రాళ్లు, ఎర్ర తలకాయ ఉన్న గుంజలు కనబడితే అటువైపు పోవద్దు. రాయికి ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు ఉంటే తెలుపు వైపు నడవాలి.

ఆ చిన్న బాంబులు చూడటానికి ఎలా ఉంటాయి?

ఒక్క రకం కాదు. బత్తాయికాయ అంత గుండ్రటివి, టార్చిలైటులో వేసే లావు సెల్లు లాంటివి, చిన్న బాణం లాంటివి ఉంటాయి. కూల్‌డ్రింక్ డబ్బా అంత పసుపు రంగువీ ఉంటాయి. 2001లో అఫ్గానిస్తాన్‌లో ఆకాశం నుంచి వేసిన తిండి పొట్లాలూ పసుపే, ఈ బాంబులూ పసుపే. చివరికి పొట్లాల రంగు మార్చాల్సి వచ్చింది. ఏళ్లు గడిచాక రంగులన్నీ పోయి మట్టి రంగులో కలిసిపోతాయి.

లావు సెల్లు లాంటిదానికి ఒక గుడ్డ పట్టీ వేలాడుతుంది. నేను చూసింది అదే. మా క్యాంపు వెనక, గుంజలకు బాగా ఇవతలే. జగిత్యాల వైపు తమ్ముడొకడు టార్పాలిన్ ఎగిరిపోకుండా అంచున పెట్టడానికి బరువైన వస్తువు కోసం చూస్తున్నాడు. ఇసుకలో నుంచి రెండు వేళ్లంత వెడల్పున మాసిపోయిన పట్టీ ఊగుతోంది, చేతి గడియారం బెల్టు లాగా. వాడు వంగాడు. మా నీళ్ల ట్యాంకరు నడిపే ఇరాకీ డ్రైవరు ఎక్కడి నుంచి ఉరికొచ్చాడో, కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. డ్రైవరుకు రొప్పు ఆగలేదు. మా తమ్ముడికి ఆ రాత్రి జ్వరం వచ్చింది. మేనేజరుకు చెబితే "అటు పోకండి" అన్నాడు. అంతే, ఇంకేం చేయలేదు.

కనబడితే ఏం చేయాలి?

ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు, మీద మట్టి కప్పొద్దు. వచ్చిన అడుగుల మీదే వెనక్కి రావాలి. ఇంకొకరు పోకుండా ఆపి, ఫోర్‌మన్‌కు, పోలీసులకు చెప్పాలి. ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. పాత ఇనుముకు డబ్బులొస్తాయని ఏరేవాళ్లతో కలవొద్దు. లావోస్‌లోనూ, ఇరాక్‌లోనూ ఎంతో మంది ప్రాణం తీసింది ఆ తుక్కు ఇనుమే.

ఒప్పందం నుంచి దేశాలు బయటికి పోతున్నాయట?

లిథువేనియా 2025 మార్చిలో బయటికి వచ్చేసింది, రష్యా భయం చూపి. చేరిన దేశం ఒకటి బయటికి రావడం అదే మొదటిసారి. ఉక్రెయిన్‌లో ఈ బాంబులు 2022 నుంచి వాడుతూనే ఉన్నారు. నాకు చాలా బాధ కలిగించిన వార్త ఇది. ఇవాళ పడుతున్నవాటిని ఏరడానికి ఇంకో యాభై ఏళ్లు ఎవరో మోకాళ్ల మీద కూర్చోవాలి.

అరబీ చదవడం రాదు. హెచ్చరిక బోర్డు ఎలా గుర్తుపట్టాలి?

పుర్రె బొమ్మ, ఎర్ర త్రికోణం ఉంటే చదవక్కర్లేదు. కానీ బోర్డులు ఎండకు వెలిసిపోతాయి, కొన్నిచోట్ల రాత ఒక్కటే మిగులుతుంది. మూడక్షరాల మాట ఒకటి నేర్చుకోండి: ఖతర్. అంటే ప్రమాదం. మనం రోజూ ఖతర్నాక్ అంటాం కదా, అందులో ఉన్న ఖతర్ అదే. పోయిన మొదటి వారంలోనే ఎవరైనా స్థానికుడితో ఒక కాగితం మీద ఆ మాట రాయించుకుని జేబులో పెట్టుకోండి, బోర్డు మీద అక్షరాలతో పోల్చి చూసుకోవచ్చు. "అల్‌ఘామ్" అంటే మందుపాతరలు, అదీ రాయించుకోండి. ఆ రోజు ట్యాంకరు డ్రైవరు అరిచింది కూడా "ఖతర్! ఖతర్!" అనే. మాకు అరబీ ఒక్క ముక్క రాదు, అయినా క్యాంపులో అందరికీ అర్థమైంది.